అయిదు నెలల పాపను ఇంట్లో ఉంచి ఉద్యోగంలో మళ్ళీ చేరవచ్చా? బరంపురం తల్లి ప్రశ్నకు నా సమాధానం

అమ్మా, మీరు అడిగిన విషయాన్ని ముందుగా నా మాటల్లో చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దండి. మీరు ఒడిశాలోని బరంపురంలో కాపురం ఉంటూ, ఛత్రపురంలో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం ఏడేళ్ళుగా చేస్తున్నారు. నెలకు 22,000 రూపాయలు చేతికి వస్తాయి. పాపకు అయిదు నెలలు నిండాయి, ప్రసూతి సెలవు మరో మూడు వారాల్లో అయిపోతుంది. పర్లాకిమిడిలో ఉన్న మీ అత్తగారు "పిల్ల నడిచేదాకా తల్లి ఇంట్లో ఉండాలమ్మా, డబ్బు ఎక్కడికి పోతుంది" అంటున్నారు. మీ వారు "నీ ఇష్టం" అని ఊరుకున్నారు. మీరు మాత్రం రాత్రిపూట పాపకు పాలిస్తూ, వెళితే దీనికి అన్యాయం చేసినదాన్నవుతానేమో, వెళ్ళకపోతే ఏడేళ్ళ కష్టం నీళ్ళపాలవుతుందేమో అని నలిగిపోతున్నారు.

నేను గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో 31 సంవత్సరాలు అంగన్‌వాడీ పర్యవేక్షకురాలిగా పని చేసి పదవీ విరమణ పొందాను. ఇద్దరు బిడ్డల తల్లిని. ఇప్పుడు నా కోడలు ఉద్యోగానికి వెళితే మనవరాలిని పగలంతా చూసుకునేది నేనే. అందువల్ల ఈ ప్రశ్నను తల్లిగానూ, అత్తగానూ, వేల మంది పిల్లలను కాటా మీద తూచిన మనిషిగానూ ఆలోచించి రాస్తున్నాను. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను: మీరు ఉద్యోగంలో చేరండి. అయితే ఈ మూడు వారాల్లో చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి, అవి కుదరకపోతే చేరే తేదీని వెనక్కి జరపండి. చేరవద్దని నేను చెప్పే పరిస్థితి కూడా ఒకటి ఉంది, దాన్ని చివరిలో రాస్తాను.

మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నది బిడ్డకు హాని జరుగుతుందేమో అనే భయం గనుక ముందు దాని సంగతి చూద్దాం. అమెరికాలో 1991లో మొదలుపెట్టి 1,300 మందికి పైగా పిల్లలను పుట్టినప్పటి నుంచి ఏళ్ళ తరబడి గమనించిన ఒక పెద్ద పరిశోధన ఉంది. తల్లి దగ్గరే పెరిగిన పిల్లలను, పగలు ఇతరుల సంరక్షణలో పెరిగిన పిల్లలను పోల్చి చూసిన ఆ పరిశోధనలో తేలినదేమిటంటే, బిడ్డ ఎదుగుదలను ఎక్కువగా నిర్ణయించేది తల్లి బయటికి వెళుతుందా లేదా అన్న విషయం కాదు. ఆమె దగ్గర ఉన్నప్పుడు బిడ్డ అవసరాన్ని గుర్తించి ఎంత ఓపికగా స్పందిస్తుంది, ఇంటి వాతావరణం ఎలా ఉంది అనేవి. పగటి సంరక్షణ మంచిదా చెడ్డదా, రోజుకు ఎన్ని గంటలు అనే వాటి ప్రభావం కూడా కనిపించింది గాని, అది ఇంటి ప్రభావం కన్నా చిన్నది. మన ఊళ్ళు వేరు, మన కుటుంబాలు వేరు అని మీరు అనవచ్చు. నిజమే. కాని నేను మూడు జిల్లాల్లో కళ్ళారా చూసినది ఆ మాటకు దూరంగా లేదు. బిడ్డ "ఊఁ" అంటే తిరిగి "ఊఁ" అనే మనిషి, ఆకలి ఏడుపుకూ నిద్ర ఏడుపుకూ తేడా తెలిసిన మనిషి పగలంతా పక్కన ఉండాలి. ఆ మనిషి నెలకొకరుగా మారిపోకుండా ఉండాలి. అలాంటివారు తల్లి కాక ఇంకొకరో ఇద్దరో ఉన్నంత మాత్రాన బిడ్డ తల్లిని మరచిపోదు.

ఇంట్లో ఉన్న తల్లి అంటే బిడ్డతో ఉన్న తల్లి అని మనం అనుకుంటాం. దాన్ని నేను ఒక నేతకారుల ఇంట్లో మానుకున్నాను. బరంపురం పట్టు నేసే తెలుగు కుటుంబాలు మీకు తెలియనివి కావు. చాలా ఏళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం అలాంటి ఒక ఇంటికి పిల్లను తూచడానికి కాటా పట్టుకుని వెళ్ళాను. ముందు గదిలో మగ్గం ఆడుతోంది. దాని పక్కన నేల మీద కూర్చుని ఇల్లాలు రాట్నం మీద కండెలు చుడుతోంది. కుడి చేత్తో చక్రం తిప్పుతోంది, ఎడమ చేతి వేళ్ళ మధ్య నుంచి దారం పోతోంది. దూలానికి వేలాడదీసిన చీర ఉయ్యాల తాడు ఆమె కాలి బొటనవేలికి కట్టి ఉంది. పిల్ల కదిలినప్పుడల్లా తలెత్తకుండానే కాలు ఆడిస్తోంది. దారం తెగితే నోటితో తడి చేసి ముడివేస్తోంది, ఆ క్షణంలో కాలు ఆగిపోతోంది, పిల్ల ఏడుపు అందుకుంటోంది. నేను అక్కడ కూర్చున్న గంటలో ఆమె పిల్ల ముఖంలోకి చూసినది రెండే రెండు సార్లు. తొమ్మిది నెలల ఆ పిల్ల 6 కిలోల 200 గ్రాములు తూగింది. ఆ వయసు ఆడపిల్లకు ఎనిమిది కిలోల దగ్గర ఉండాలి. తల్లి ఇరవై నాలుగు గంటలూ ఇంట్లోనే ఉంది, బిడ్డ మీద ప్రాణం పెట్టుకునే ఉంది. కాని పూట పూటకు మెత్తటి అన్నం కలిపి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అరగంట ఓపికగా తినిపించే తీరిక ఆమెకు లేదు. పండగ సీజనుకు ఇవ్వవలసిన చీరల లెక్క నెత్తి మీద ఉంది. చివరికి పక్క వాటాలో ఉన్న ఆమె తోటికోడలితో మాట్లాడి, పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట పిల్లకు తినిపించే బాధ్యత ఆమె తీసుకునేలా చేశాం. మూడు నెలల్లో బరువు గీత పైకి లేచింది. మీ అత్తగారు "తల్లి ఇంట్లో ఉండాలి" అన్నప్పుడు, ఇంట్లో ఉండి ఏం చేస్తుంది, ఎవరి పనులు చేస్తుంది, ఎంత సేపు బిడ్డతో ఉంటుంది అని కూడా అడగవలసి ఉంటుందని నేను అనడానికి కారణం ఆ గది.

దేశవ్యాప్తంగా 2024లో జరిగిన సమయ వినియోగ సర్వే లెక్కల ప్రకారం, జీతం రాని ఇంటి పనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనుల్లో గడుపుతుంటే, ఆ పనుల్లో పాలుపంచుకునే పురుషులు 88 నిమిషాలు గడుపుతున్నారు. పిల్లలను, పెద్దలను చూసుకునే పనిలో స్త్రీలది 137 నిమిషాలు, పురుషులది 75 నిమిషాలు. అంటే వంట, అంట్లు, బట్టలు, నీళ్ళకు పోయే సమయం బిడ్డల సంరక్షణకు దక్కే సమయానికి రెండింతల కన్నా ఎక్కువ. మీరు ఉద్యోగం మాని ఇంట్లో ఉంటే ఆ ఎనిమిది గంటలూ పాపకే దక్కుతాయని అనుకోకండి. ఇంట్లో ఎలాగూ ఉంది కదా అని పనులన్నీ ఒక్కొక్కటిగా మీ మీదకే వచ్చి చేరతాయి. ఇది మీ ఇంటివారి చెడ్డతనం కాదు, నేను చూసిన ప్రతి ఇంట్లోనూ జరిగినదే.

తల్లులు బయట పని చేయడం ఈ కాలంలో వచ్చిన వింత అని కొందరు అంటారు. మన ప్రాంతంలో ఆ మాట అసలు నిలవదు. రాయగడ కొండల్లో పసిబిడ్డను వీపున కట్టుకుని పోడు పొలానికి వెళ్ళే తల్లులను మీరు చూసే ఉంటారు. సరిహద్దుకు అవతల పలాసలో జీడి పిక్కలు ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళు పిక్క నూనెకు కమిలి నల్లబడి ఉంటాయి, వారిలో ఎందరో పసిపిల్లల తల్లులే. గంజాం మగవాళ్ళు సూరత్ మిల్లులకు వెళ్ళిపోతే, ఇక్కడ పొలమూ, పశువూ, బ్యాంకూ, బడీ అన్నీ ఒంటిచేత్తో నడిపేది ఇల్లాలే. 1894లో ఈ బరంపురంలోనే పుట్టి రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి గారి తల్లి సుభద్రమ్మ గారు శాసనోల్లంఘన ఉద్యమంలో మద్యపాన నిషేధం కోసం ముందు నిలిచి అరెస్టయ్యారు. ఆవిడా పిల్లలు గల తల్లే. ఇంటి గడప దాటవలసిన అవసరం లేని కొద్దిపాటి కుటుంబాల అలవాటును మనం తల్లులందరికీ ధర్మంగా చెబుతూ వచ్చాం.

ఇక నా సంగతి. మొదటి బాబు పుట్టినప్పుడు నాకు మూడు నెలల సెలవే దొరికింది. మా వారిది వేరే ఊళ్ళో మాస్టరు ఉద్యోగం, మా అత్తగారికి కళ్ళు కనిపించవు. మా వీధిలో పదమూడేళ్ళ అమ్మాయిని నెలకు ఇంత అని మాట్లాడి బాబును అప్పగించాను. పాలసీసా, పాలడబ్బా, మరిగించిన నీళ్ళు అన్నీ పొద్దున్నే సర్ది వెళ్ళేదాన్ని. బాబుకు ఎనిమిదో నెల వచ్చిన వైశాఖంలో, ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాడి కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి, నడినెత్తి గుంట పడి ఉంది, పెదవులు ఎండి అంటుకుపోయి ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి విరేచనాలు. ఆ పిల్ల భయపడి ఎవరికీ చెప్పలేదు. పొద్దున తాగగా మిగిలిన పాలు సీసాలోనే ఉంటే వాటినే మళ్ళీ పట్టింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. వాడు దక్కాడు. ఆ అమ్మాయిని నేను ఒక్క మాట కూడా అనలేదు, అనే హక్కు నాకు లేదు. బడిలో ఉండవలసిన పిల్ల చేతిలో బిడ్డను పెట్టినది నేను, సీసా ఇచ్చినది నేను. పల్లెలు తిరిగి తల్లులకు సీసా వద్దని చెప్పిన నోటితోనే ఇంట్లో సీసా సర్దాను. చాలా కాలం వరకు, ఉద్యోగానికి వెళ్ళినందువల్లే వాడికి అలా అయిందని కుమిలిపోయాను. రెండో బిడ్డ నాటికి గాని, తప్పు ఉద్యోగానిది కాదని, నేను చేసిన ఏర్పాటుదని నాకు స్పష్టం కాలేదు.

అందుకే మీ ఏర్పాటు గురించి వివరంగా రాస్తున్నాను. మీ పాపకు ఆరు నెలలు నిండే రోజుకూ, మీరు పనిలో చేరే రోజుకూ తేడా కొద్ది రోజులే. ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత రెండేళ్ళు, అంతకు మించి కూడా ఇతర ఆహారంతో పాటు తల్లిపాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఉద్యోగంలో చేరిన రోజు నుంచి పాలు మాన్పించవలసిన అవసరమేమీ లేదు. వెళ్ళే ముందు ఒకసారి, వచ్చిన వెంటనే ఒకసారి, రాత్రంతా పాప అడిగినప్పుడల్లా ఇవ్వండి. పగటి కోసం పాలు పిండి ఉంచడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించిన మూతగల స్టీలు గిన్నెలోకి పిండండి. చల్లని గదిలో నాలుగు గంటలు నిలవ ఉంటాయంటారు గాని, మన బరంపురం ఎండలకు ఆ లెక్కను నమ్మవద్దు. పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మరుసటి రోజు దాటకుండా వాడేయండి. తాగించే ముందు ఆ గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో కాసేపు ఉంచితే చాలు, పొయ్యి మీద కాచకూడదు. మిగిలిపోయిన పాలు పారబోయాలి, నా ఇంట్లో జరిగినది మళ్ళీ ఏ ఇంట్లోనూ జరగకూడదు. సీసా కొనవద్దు. మన అమ్మమ్మలు వాడిన ఉగ్గుగిన్నె మీ పుట్టింట్లో ఇంకా ఉండి ఉంటే అడిగి తెచ్చుకోండి, లేకపోతే చిన్న గిన్నె, చెంచా చాలు. వాటిని కడగడం సులభం, మూలల్లో పాలు మురగవు. సీసా పీకకు అలవాటు పడి తల్లి రొమ్ము మానేసే ఇబ్బందీ ఉండదు. మొదట్లో పాప మీ చేతితో గిన్నెపాలు తాగదు, మీ వాసన తగిలితే రొమ్మే కావాలంటుంది. అందుకని మీరు పక్క గదిలోకి వెళ్ళి, పాపను చూసుకోబోయే మనిషితోనే తాగించండి. ఆరు నెలలు నిండగానే చోడి (రాగి) పిండి జావ, మెత్తగా మెదిపిన పప్పన్నం, నేతిచుక్క, అరటిపండు ఒక్కొక్కటిగా మొదలుపెట్టండి. చెంచా వాలిస్తే జారిపడనంత చిక్కగా ఉండాలి, నీళ్ళలా ఉంటే కడుపు నిండుతుంది గాని బలం పట్టదు.

ఎవరు చూసుకుంటారు అన్నది మిగతా అన్నిటికన్నా పెద్ద విషయం. మీ అత్తగారు వద్దు అంటున్నారని రాశారు గాని, ఆవిడను మీరు నేరుగా ఏమి అడిగారో రాయలేదు. "నేను ఉద్యోగానికి వెళ్ళనా" అని అడిగారా, "అత్తయ్యా, పాపను పగలు మీరు చూసుకోగలరా, మీ ఒంట్లో ఓపిక ఉందా" అని అడిగారా? ఈ రెండూ వేరు. మొదటి ప్రశ్నకు వద్దు అన్న పెద్దవాళ్ళలో చాలా మందికి అసలు భయం రెండోదే. మోకాళ్ళ నొప్పులున్నాయని, పిల్లను ఎత్తుకుని మేడ మెట్లు ఎక్కలేనని, పర్లాకిమిడిలో మామగారికి వంట ఎవరు చేస్తారని ఆవిడ పైకి చెప్పుకోలేకపోవచ్చు. నేను ఇప్పుడు ఆ స్థానంలోనే ఉన్నాను గనుక తెలిసి చెబుతున్నాను: పగలంతా పిల్లతో ఉండి సాయంత్రానికి నడుము పట్టేస్తుంది, అయినా "మీకు కాలక్షేపం కదా" అని ఎవరైనా అంటే మనసు చివుక్కుమంటుంది. ఆవిడ వస్తానంటే వంటపనికి ఇంకొకరిని పెట్టండి, ఆవిడ చేతికి ప్రతి నెలా కొంత సొమ్ము ఇవ్వండి, ఆదివారం పూర్తిగా విశ్రాంతి ఇవ్వండి, మామగారిని కూడా బరంపురం తెచ్చుకునే వీలుందేమో చూడండి. ఆవిడ రాలేనంటే ఆ మాటను గౌరవించి ఇంకో దారి చూసుకోండి.

ఆయాను పెట్టుకుంటే, పిల్లలను పెంచిన అనుభవం ఉన్న పెద్ద మనిషిని, మీ వీధిలోనో పక్క వీధిలోనో ఉండే మనిషిని ఎంచుకోండి. మీరు చేరడానికి రెండు వారాల ముందే ఆమెను రప్పించండి. ఎనిమిది తొమ్మిది నెలల వయసులో పిల్లలకు కొత్త ముఖాలంటే బెరుకు బాగా పెరుగుతుంది, ఆరు నెలలలోపు పరిచయమైన ముఖాన్ని తేలికగా ఒప్పుకుంటారు. ఈ లెక్కన మీ సెలవు ఇప్పుడు ముగియడం, మరో మూడు నెలలకు ముగియడం కన్నా పాపకు సులభమే. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వరకు పిల్లలను పగటిపూట చూసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం పాల్నా పథకం కింద అంగన్‌వాడీలతో కలిపి శిశు సంరక్షణ కేంద్రాలు నడుపుతోంది. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు తెరిచి ఉంచాలన్నది నియమం. మీ వార్డు అంగన్‌వాడీ దీదీని అడిగితే దగ్గరలో ఉందో లేదో చెబుతుంది. మామూలు అంగన్‌వాడీలో బడిముందు చదువు మూడేళ్ళు నిండిన పిల్లలకే గనుక, ఇప్పటికి మీకు అక్కడ దొరికేది టీకాలు, బరువు తూచడం, ఇంటికి ఇచ్చే ఛతువా (వేయించిన ధాన్యాల పిండి) పొట్లం మాత్రమే. వాటినీ వదులుకోవద్దు.

ఆఫీసులో మీకు ఉన్న హక్కులు మీకే పూర్తిగా తెలియవేమో అనిపించింది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది, అది మీరు తీసుకుంటున్నదే. దానితో పాటు, బిడ్డకు 15 నెలలు నిండే వరకు మామూలు విరామం కాక రోజుకు రెండుసార్లు పాలిచ్చేందుకు విరామం ఇవ్వాలి. 50 మంది, అంతకు మించి పని చేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళడానికి అనుమతించాలి. పని స్వభావాన్ని బట్టి, ఇరువురి అంగీకారంతో, సెలవు ముగిసిన తర్వాత కొంత కాలం ఇంటి నుంచి పని చేసే వీలూ చట్టంలో ఉంది. మీది లెక్కల పని గనుక ఇది అడగదగినదే. ఛత్రపురం నుంచి ఇంటికి వచ్చి పాలిచ్చి వెళ్ళడం కుదరదు. కాబట్టి ఒక విరామాన్ని పాలు పిండుకోవడానికి వాడుకుని, రెండోదాన్ని సాయంత్రానికి కలిపి అరగంట ముందుగా బస్సు ఎక్కనివ్వమని అడగండి. నోటితో అడిగి ఊరుకోకండి, కాగితం మీద రాసి ఇచ్చి నకలు దగ్గర పెట్టుకోండి. తలుపు గడియ పడే ఒక గది, కూర్చోవడానికి ఒక కుర్చీ కావాలని కూడా అందులో రాయండి. అది చూపించకపోతే మూత్రశాలలో నిలబడి పిండుకోవలసి వస్తుంది, ఆ బాధ పడిన తల్లులు నాకు తెలుసు.

జీతంలో నుంచి ఆయాకు 7,000, బస్సుకు, బయటి తిండికి 2,000 తీసేస్తే మిగిలేది 13,000, దానికోసం పిల్లను వదలాలా అని మీరు రాశారు. ఈ లెక్కలో ఒక తప్పుంది. ఆయా ఖర్చును మీ జీతంలో నుంచే ఎందుకు తీసివేస్తున్నారు? పాప మీ ఇద్దరి బిడ్డ, ఆ ఖర్చు ఇద్దరి జీతాల మీద పడాలి. రెండో విషయం, మీకు ఏడేళ్ళ సర్వీసు ఉంది. భవిష్య నిధితో ముడిపడిన పెన్షను పథకంలో నెలనెలా పెన్షను రావాలంటే కనీసం పదేళ్ళ సర్వీసు ఉండాలి. ఇప్పుడు రాజీనామా చేసి ఆ సొమ్ము తీసేసుకుంటే, మూడేళ్ళ దూరంలో ఉన్న పెన్షను హక్కు చేజారుతుంది. మూడో విషయం, మాని మళ్ళీ చేరదామనుకునే వారి అనుభవం. 2023లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన క్లాడియా గోల్డిన్, ధనిక దేశాల్లో స్త్రీ పురుషుల సంపాదనలో ఈనాడు కనిపించే తేడాలో ఎక్కువ భాగం మొదటి బిడ్డ పుట్టుకతోనే మొదలవుతుందని చూపించారు. మన దగ్గర అయితే చిన్న పట్టణాల్లో ఉద్యోగాలే తక్కువ. మూడేళ్ళ తర్వాత బరంపురంలో ఇదే జీతానికి ఇదే పని దొరుకుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. మానేయడం ఎప్పుడైనా చేయగలిగిన పని, అందుకే దాన్ని ముందుగా చేయవద్దంటున్నాను. ఆరు నెలలు వెళ్ళి చూడండి, అప్పటికీ కుదరకపోతే మానేయండి.

మీ ప్రశ్న చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన సంగతి నన్ను బాగా కదిలించింది: ఒడియా మాట్లాడే ఆయా దగ్గర పెరిగితే పాపకు తెలుగు రాదేమో అని. ఇక్కడి తెలుగు తల్లి మాత్రమే పడే దిగులు ఇది. అంగన్‌వాడీలో ఒడియా, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు, వీధిలో ఒడియా, ఇక ఇంట్లో కూడా పగలంతా ఒడియానే అయితే తెలుగు ఎక్కడి నుంచి వస్తుంది? పసిపిల్లలు రెండు భాషలను ఒకేసారి నేర్చుకోగలరు, దానివల్ల మాటలు ఆలస్యం కావు, బుర్ర గందరగోళపడదు. కావలసినదల్లా ఆ భాషలో వారితో నేరుగా మాట్లాడే మనిషి, ప్రతి రోజూ. కాబట్టి ఆయాను తన ఒడియాలోనే మాట్లాడనివ్వండి, రాని తెలుగులో ముక్కలు ముక్కలుగా మాట్లాడించవద్దు. మీరూ మీ వారూ సాయంత్రం ఇంటికి రాగానే తెలుగు తప్ప మరో మాట మాట్లాడకండి. స్నానం చేయిస్తూ, నూనె రాస్తూ, అన్నం పెడుతూ చేస్తున్న ప్రతి పనీ చెప్పండి. "చందమామ రావే", "చెమ్మచెక్క" మీకు వచ్చినంత పాడండి. మా ఇంట్లో మనవరాలు నాతో తెలుగులో అలిగి, వీధిలోని పిల్లలతో ఒడియాలో పోట్లాడి, మళ్ళీ వచ్చి ఆ పోట్లాటంతా నాకు తెలుగులో చెబుతుంది. దానికి మూడున్నరేళ్ళు.

మీ వారి "నీ ఇష్టం" గురించి కూడా రాయాలి. ఆ మాటలో ప్రేమ ఉండవచ్చు, కాని బాధ్యత అంతా మీ మీదకు నెట్టే బరువు కూడా ఉంది. రేపు పాపకు జలుబు చేసినా, మీరు వెళ్ళారు గనుక చేసింది అనే మాట వస్తుంది. మానేసి ఇంట్లో డబ్బుకు ఇబ్బంది అయినా, మానేసింది నువ్వే కదా అనే మాట వస్తుంది. అందుకని ఆయనను కూర్చోబెట్టి రోజును గంటలుగా పంచండి. పొద్దున పాపకు స్నానం ఎవరు చేయిస్తారు, ఆయా రాని రోజు సెలవు ఎవరు పెడతారు, టీకా రోజు ఎవరు తీసుకువెళతారు, అర్ధరాత్రి లేచి గుడ్డలు ఎవరు మారుస్తారు అన్నవి పేర్లతో సహా తేల్చుకోండి. ఆయా రాని రోజు మీరొకసారి, ఆయనొకసారి అన్న ఒక్క నియమం నిలబడితే, మీ ఆఫీసులో మీ పేరు చెడదు. ఆయన ఒప్పుకుంటే మీ అత్తగారితో మాట్లాడవలసినది కూడా ఆయనే. కోడలు చెబితే ఎదురు చెప్పినట్టు వినిపించే మాట, కొడుకు చెబితే సంసారం మాటగా వినిపిస్తుంది.

ఇక చేరవద్దని నేను చెప్పే పరిస్థితి. పాప నెలలు నిండకుండా పుట్టి ఇంకా బరువు అందుకోకపోయినా, తరచుగా జబ్బు పడుతున్నా, నిలకడగా ఉండే మనిషి ఎంత వెదకినా దొరకకపోయినా, అప్పుడు సెలవు పొడిగించుకోండి, జీతం లేని సెలవైనా సరే. బిడ్డకు జన్మనిచ్చాక మీకే ఎప్పుడూ ఏడుపు వస్తూ, నిద్ర పట్టక, పాపను చూసినా ఏమీ అనిపించని స్థితి వారాల తరబడి ఉంటే, ఉద్యోగం సంగతి పక్కన పెట్టి ముందు వైద్యుల దగ్గరకు వెళ్ళండి. అది నీరసం కాదు, మందు ఉన్న జబ్బు. ఇవేవీ లేకుండా, కేవలం పాపతో ఉండాలనే కోరికతోనే మీరు ఆగిపోవాలనుకుంటే అదీ గౌరవించదగిన నిర్ణయమే, దాన్ని చిన్నచూపు చూసే వారి మాట వినవద్దు. కాని అలా ఆగినట్లయితే మీ పేరున ఉన్న ఖాతాలో ప్రతి నెలా ఇంత అని ఆయన జీతం నుంచి పడే ఏర్పాటు ముందు చేసుకోండి. భవిష్య నిధి సొమ్మును ముట్టుకోకండి. మీ కుటుంబం అర్హతలోకి వస్తే 2024లో మొదలైన ఒడిశా ప్రభుత్వ సుభద్ర పథకం కింద ఏడాదికి 10,000 రూపాయలు స్త్రీ ఖాతాలోకే వస్తాయి, దానికి దరఖాస్తు పెట్టుకోండి. చేతిలో తన డబ్బు లేని తల్లి పిల్లకు జ్వరం వస్తే ఆటోకు కూడా ఒకరిని అడిగి నిలబడటం నేను చాలాసార్లు చూశాను.

మీరు చేరే రోజు సోమవారం కాకుండా గురువారం అయ్యేలా చూసుకోండి. మొదటి వారం మూడు రోజుల్లో అయిపోతుంది, ఆదివారం పాపతో కూర్చుని ఏది కుదిరింది, ఏది కుదరలేదు చూసుకోవచ్చు. అంతకు ముందు వారంలో రెండు రోజులు, నిజంగా ఉద్యోగానికి వెళ్ళినట్టే పొద్దున తొమ్మిదికి ఇల్లు దాటి మధ్యాహ్నం ఒంటిగంట వరకు బయట ఉండండి, పుట్టింటికో గుడికో వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పాపకు కనబడకుండా జారుకోవద్దు, ఎత్తుకుని ముద్దుపెట్టి "అమ్మ వెళ్ళి సాయంత్రం వస్తుంది" అని చెప్పి వెళ్ళండి. మాట అర్థం కాకపోయినా ఆ చెప్పడం అలవాటవుతుంది. మీరు కట్టి విడిచిన పాత చీర ఒకటి ఉతకకుండా ఉయ్యాలలో పరచి ఉంచండి. ఆ రెండు రోజులూ పాప ఎన్నిసార్లు తాగింది, ఎంతసేపు నిద్రపోయింది, ఎన్నిసార్లు తడిపింది అన్నది ఆయా చేత చెప్పించుకుని ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ లెక్క చూశాక మీకు ఇంకా ఏదైనా అనుమానం మిగిలితే, ఆ కాగితంతో సహా మళ్ళీ నాకు రాయండి.